పొగ నియంత్రణ ప్రాంతంలో మల్టీఫ్యూయల్ స్టవ్: కట్టెలా, స్మోక్‌లెస్ బొగ్గా, అసలు వద్దా?

షెఫీల్డ్_సిక్కోలు:
అందరికీ నమస్కారం. మాది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లు, అంటే పక్క గోడలు కలిసి వరసగా ఉండే ఇళ్లలో ఒకటి. గ్యాస్ బాయిలర్ ఉంది, రేడియేటర్లు బాగానే పనిచేస్తున్నాయి. ముందు గదిలో మాత్రం పాత చిమ్నీ ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ స్టవ్ పెట్టుకుంటే గ్యాస్ బిల్లు తగ్గుతుంది, చలి రాత్రుల్లో నిప్పు ముందు కూర్చోవచ్చు అని మా ఆవిడా నేనూ రెండేళ్లుగా అనుకుంటున్నాం. కౌన్సిల్ మ్యాపులో చూస్తే మా వీధి పొగ నియంత్రణ ప్రాంతంలోనే ఉంది, అంటే ఇంటి చిమ్నీ నుంచి పొగ వదలకూడదని కౌన్సిల్ ప్రకటించిన చోట.

షాపులో 8 కిలోవాట్ల మల్టీఫ్యూయల్ స్టవ్ చూపించారు. డెఫ్రా మినహాయింపు ఉన్న మోడల్ కాబట్టి కట్టెలైనా బొగ్గైనా ఏది కాల్చినా ఇబ్బంది లేదన్నారు. లైనర్ (చిమ్నీ లోపల దించే స్టీలు గొట్టం), బిగింపు కలుపుకొని 3 వేల పౌండ్లు దాటుతోంది. పక్కింటి పెద్దాయన ఈమధ్యే చెట్టు కొట్టించి, ఆ కట్టెలు ఊరికే తీసుకెళ్లమంటున్నారు. శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టాలి. వాడుతున్నవాళ్లు చెప్పండి: కట్టెలు మేలా, పొగ తక్కువ వచ్చే స్మోక్‌లెస్ బొగ్గు మేలా, లేక ఈ ఆలోచనే మానుకోవాలా?

లీడ్స్_ఓరుగల్లు:
మానుకోవద్దు బ్రదర్. కానీ ఆ షాపాయన చెప్పింది తప్పు. డెఫ్రా అంటే ఇక్కడి పర్యావరణ శాఖ. వాళ్ల జాబితాలో ప్రతి మోడల్‌కీ ఏ ఇంధనానికి మినహాయింపు ఇచ్చారో రాసి ఉంటుంది. ఇళ్లలో పెట్టుకునే స్టవ్‌లకి ఎక్కువగా కనిపించేది కట్టె దుంగలే. అంటే ఆ మోడల్‌లో ఎండు కట్టెలు కాల్చుకోవచ్చు. స్మోక్‌లెస్ బొగ్గు, ఆంత్రసైట్ (సహజంగానే పొగ తక్కువ వచ్చే గట్టి బొగ్గు) సంగతి వేరు. అవి అనుమతి ఉన్న ఇంధనాలు, మినహాయింపు లేని పొయ్యిలో కూడా కాల్చవచ్చు. మామూలు రాక్షసి బొగ్గు జోలికి పోవద్దు. ఇంగ్లండ్‌లో ఇళ్లకి దాన్ని సంచుల్లో అమ్మడం 2021 మే 1 నుంచి ఆపేశారు, వ్యాపారులు విడిగా తెచ్చి పోసేది కూడా 2023 మేతో ఆగింది.

చిమ్నీ నుంచి పొగ వస్తే 300 పౌండ్ల దాకా జరిమానా. మినహాయింపు లేని పొయ్యిలో వాడటానికి అనుమతి లేని ఇంధనం కొంటే 1,000 పౌండ్ల దాకా పడుతుంది.

నేను ఆరేళ్లుగా 5 కిలోవాట్ల స్టవ్ వాడుతున్నాను, మాదీ పొగ నియంత్రణ ప్రాంతమే. 'రెడీ టు బర్న్' గుర్తు ఉన్న కట్టెలే కొంటాను, అంటే తేమ 20 శాతం మించనివి. నిప్పు రాజుకునే మొదటి పది నిమిషాలు తప్ప మా చిమ్నీ పైన ఏమీ కనిపించదు. కౌన్సిల్ నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

వార్డు_సిస్టర్:
'ఏమీ కనిపించదు' అన్న మాట దగ్గరే నా అభ్యంతరం అన్నా. నేను బర్మింగ్‌హామ్‌లో ఛెస్ట్ వార్డులో నర్సుని.

ఈ చట్టం ఎక్కడ మొదలైందో చూడండి. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌ని బొగ్గు పొగ కమ్మేసింది. అప్పట్లో 4 వేల మంది పోయారని లెక్క కట్టారు, తర్వాత లెక్క వేసినవాళ్లు 12 వేల దాకా ఉండవచ్చన్నారు. దాని తర్వాతే 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్, ఈ పొగ నియంత్రణ ప్రాంతాలు వచ్చాయి. చిమ్నీలోంచి పొగ వస్తోందా లేదా అని వీధిలో నిలబడి చూసే కాలం అది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే పీఎం 2.5, అంటే అతి సన్నని ధూళి, కంటికి కనపడదు. ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ క్రిస్ విట్టీ 2022 నివేదికలో ఉంది: ఇప్పుడు అమ్ముతున్న ఎకోడిజైన్ (కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) స్టవ్ కూడా గ్యాస్ హీటింగ్‌తో పోలిస్తే 450 రెట్లు ఎక్కువ కాలుష్యం వదులుతుంది. యూకేలో నేరుగా గాల్లోకి వెళ్లే పీఎం 2.5లో చెప్పుకోదగ్గ వాటా ఇళ్లలో కాల్చే కట్టెల నుంచే.

మాది పల్నాడు. దీపం పథకంలో గ్యాస్ వచ్చేదాకా మా అమ్మ ఊదుడు గొట్టం పట్టుకుని పొయ్యి ముందే ఉండేది. ఇప్పటికీ చలికాలం ఆమె దగ్గు వింటే నాకు ఆ వంటిల్లు గుర్తొస్తుంది. గ్యాస్ ఉన్న ఇంట్లోకి, డబ్బు పెట్టి మళ్లీ కట్టెల నిప్పు తెచ్చుకోవడం నాకు మింగుడు పడటం లేదు.

లీడ్స్_ఓరుగల్లు:
సిస్టర్, మీ అమ్మగారి విషయం నాకు తెలియనిది కాదు, మా నాయనమ్మదీ అదే కథ. కానీ గొట్టం లేని మట్టి పొయ్యినీ, గాజు తలుపు మూసి పొగంతా చిమ్నీలోకి పంపే స్టవ్‌నీ ఒక గాటన కట్టకూడదు. అదే నివేదికలో పాత రకం స్టవ్‌లకి 3,700 రెట్లు అని ఉంది. ఆ పాతవాటి నుంచి కొత్తవాటికి మారడం మెరుగు కాదా? 2022 జనవరి నుంచి ఎకోడిజైన్ ప్రమాణం అందుకోని కొత్త స్టవ్ ఇక్కడి మార్కెట్లోకి రాకూడదు. డెఫ్రా పరీక్ష దానికి అదనం. మంట తగ్గించి నడిపినప్పుడు ఎంత పొగ వస్తుందో కూడా అందులో చూస్తారు. అందుకే మినహాయింపు ఉన్న చాలా మోడళ్లలో గాలి పూర్తిగా మూయడానికి వీల్లేకుండా చిన్న అడ్డు పెడతారు. రాత్రంతా కట్టెలు నివురుగప్పి పొగ కక్కడం అలా ఆపుతారు.

వార్డు_సిస్టర్:
పాత స్టవ్ ఉన్నవాళ్లు కొత్తది పెట్టుకుంటే మంచిదే, ఒప్పుకుంటాను. అడిగిన తమ్ముడికి మాత్రం పాతదేం లేదు కదా! ఆయన సున్నా నుంచి మొదలుపెడుతున్నారు.

పొగంతా చిమ్నీలోకే పోతుందన్నదీ నిజం కాదు. షెఫీల్డ్ యూనివర్సిటీవాళ్లు 2020లో 19 ఇళ్లలో కొలిచారు, అన్నీ డెఫ్రా ఆమోదం ఉన్న స్టవ్‌లే. కట్టె వేయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ సన్నని ధూళి గదిలోకి వచ్చిపడుతోందని తేలింది.

తమ్ముడూ, ఒకటి అడుగుతాను. ఇంట్లో పిల్లలున్నారా? ఎవరికైనా ఆయాసం, ఆస్తమా ఉన్నాయా?

హెక్సమ్_పక్కన:
నా మాట కూడా వినండి. మాది నార్తంబర్లాండ్‌లో పల్లె. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుపాను వచ్చినప్పుడు మాకు ఆరు రోజులు కరెంటు లేదు. బాయిలర్ ఉన్నా పంపు తిరగదు. ఆ ఆరు రోజులూ కట్టెల స్టవ్ ఉన్న గదిలోనే నలుగురం పడుకున్నాం, దాని మీదే అన్నం వండుకున్నాం. స్టవ్ అనగానే విలాసం అన్నట్టు మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. మా చుట్టూ కిలోమీటరు దూరంలో ఇంకో ఇల్లు లేదు. షెఫీల్డ్ టెర్రస్ వేరు, మా ఇల్లు వేరు.

హీటింగ్_ఇంజనీర్_రీడింగ్:
నేను ఈ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. పొయ్యి ఉండాలా వద్దా అన్న వాదన మీరు తేల్చుకోండి. నాకు ఇబ్బందిగా అనిపించింది ఆ '8 కిలోవాట్లు' అన్న మాట.

గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 14తో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. టెర్రస్ ఇళ్లలో ముందు గది నాలుగు బై నాలుగు, ఎత్తు 2.7 అనుకుందాం. 43 క్యూబిక్ మీటర్లు, అంటే 3 కిలోవాట్లు. పాత గోడలని కొంచెం కలుపుకున్నా 4, 5 దాటదు. అక్కడ 8 పెడితే అరగంటలో ఉడికిపోతారు. వెంటనే గాలి తగ్గిస్తారు, కట్టె మండకుండా మగ్గుతుంది, గాజు నల్లబడుతుంది, చిమ్నీలో తారు పేరుకుంటుంది, వీధిలోకి పొగ వస్తుంది. పొగ నియంత్రణ ప్రాంతంలో ఫిర్యాదు వచ్చిందని పిలిస్తే నేను చూసేది చాలాసార్లు ఇదే, గదికి మించిన స్టవ్. పైగా 5 కిలోవాట్లు దాటితే గోడకి ఎప్పుడూ తెరిచి ఉండే గాలి రంధ్రం కొట్టాలి, ఆ చల్లగాలి గదిలోకే వస్తుంది.

ఇక మల్టీఫ్యూయల్ సంగతి. కట్టె బూడిద పరుపు మీద, పైనుంచి వచ్చే గాలితో బాగా మండుతుంది. బొగ్గుకి కింద ఇనుప జల్లెడ, దాని కిందనుంచి గాలి కావాలి. రెండింటికీ పనికొచ్చేలా చేసిన స్టవ్ రెండింట్లోనూ కొంచెం రాజీ పడుతుంది. కట్టెలే కాలుస్తానని గట్టిగా తెలిస్తే కట్టెల స్టవ్ తీసుకోవడమే నయం. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేయొద్దు. బొగ్గులో గంధకం, కట్టెలో తేమ కలిస్తే ఆమ్లం తయారై లైనర్‌ని తినేస్తుంది. స్మోక్‌లెస్ వాడేవాళ్లకి 316 రకం స్టీలు లైనర్ కాకుండా 904 వేయమని చెబుతాం. లేబుళ్లలో క్లియర్‌స్కైస్ గుర్తు చూడండి, 5 వరకు స్థాయిలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ పొగ తక్కువ. 3 నుంచి పైవన్నీ పొగ నియంత్రణ ప్రాంతంలో కట్టెలకి పనికొచ్చేవే.

బిల్లు తగ్గుతుందన్న ఆశ ఉంటే లెక్క వేసుకోండి. కిలో ఎండు కట్టెలో సుమారు 4 యూనిట్ల వేడి. మా బంకులో 10 కిలోల వల సంచి 8 పౌండ్లు. స్టవ్ 75 శాతం ఇస్తే గదికి 30 యూనిట్లు చేరుతుంది, యూనిట్ 27 పెన్నీలు పడింది. నా బిల్లులో గ్యాస్ 6 పెన్నీల చిల్లర, బాయిలర్ నష్టం కలిపినా 7. పెద్ద లోడుగా కొంటే కట్టె చవకవుతుంది, అయినా గ్యాస్‌ని అందుకోవడం కష్టం. కట్టె ఊరికే దొరికితేనే ఈ లెక్క మారుతుంది.

కోనసీమ_స్లౌ:
మధ్యలో అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. భోగి మంటకి కూడా ఈ రూల్ వర్తిస్తుందా? ఇంకోటి, స్టవ్ ఖర్చెందుకు, బార్బెక్యూ బొగ్గులతో ఒక కుంపటి పెట్టుకుంటే సరిపోదా అంటున్నారు మా రూమ్మేట్.

హీటింగ్_ఇంజనీర్_రీడింగ్:
పొగ నియంత్రణ ఇంటి చిమ్నీకి సంబంధించింది. పెరట్లో భోగి మంటకి ఆ చట్టం రాదు, కానీ పొగతో పక్కవాళ్లని ఇబ్బంది పెడితే వేరే చట్టం ఉంది. ఎండు కట్టెతో చిన్నగా వేసుకోండి, ముందురోజు పక్కింట్లో చెప్పండి.

కుంపటి మాత్రం దయచేసి ఇంట్లోకి తేవద్దు. కిటికీలన్నీ బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోతుంది. వాసన ఉండదు, మెలకువ రాదు. మీ రూమ్మేట్‌కి ఈ రాత్రే చెప్పండి. చిమ్నీ ఉన్న స్టవ్ బిగించినా ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలని ఇక్కడి నిబంధన.

షెఫీల్డ్_సిక్కోలు:
రెండు రోజులుగా మీ అందరివీ చదువుతూనే ఉన్నాను. గది కొలిచాను, 41 క్యూబిక్ మీటర్లు వచ్చింది, అంటే 3 కిలోవాట్లు కూడా లేదు. తేమ మీటర్ కొని పక్కింటి కట్టెల్ని చీల్చి లోపలి వైపు చూశాను. 34, 36, ఒకటి 31. ఈ చలికాలానికి అవి పనికిరావు.

సిస్టర్, మీరు అడిగినదానికి మొదటిరోజే జవాబు చెప్పాల్సింది. మా బాబుకి ఏడేళ్లు. నవంబర్ నుంచి మార్చి దాకా నీలం ఇన్‌హేలర్ స్కూల్ బ్యాగులోనే ఉంటుంది. స్టవ్ అనుకుంటున్నది వాడు సాయంత్రం హోంవర్క్ చేసుకునే గదిలో. పొగ గొట్టంలోకి పోతుంది కదా, ఇబ్బంది లేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

వార్డు_సిస్టర్:
చెప్పినందుకు చాలా థాంక్స్ తమ్ముడూ. మాకు జనవరిలో వచ్చే పిల్లల్లో చాలామంది ఏడెనిమిదేళ్లవాళ్లే. ఏ స్టవ్‌కి ఏ లేబుల్ ఉన్నా ఆ గదిలో మాత్రం వద్దు. ఇంకే మాటా చెప్పను.

లీడ్స్_ఓరుగల్లు:
బాబు సంగతి తెలిసి ఉంటే నా మొదటి పోస్టు అలా రాసేవాణ్ని కాదు బ్రదర్. మీ ఇంటికి వద్దు. మా ఇంట్లో ఆయాసం ఎవరికీ లేదు, నేను మానను. కానీ సిస్టర్ చెప్పిన తర్వాత నిన్న రాత్రి ఒక పని చేశాను. మంట ఎగుస్తుండగా తలుపు తీసే అలవాటు నాకు ఉంది. ఈసారి మంట పూర్తిగా దిగి నిప్పులు మిగిలేదాకా ఆగి, తలుపు మెల్లగా తీసి కట్టె వేశాను. రోజూ ఎనిమిది గంటలకే వెలిగించేవాణ్ని, ఇకమీదట శనివారాలకే అని ఇంట్లో అనుకున్నాం. పక్కింట్లో నెలల పాప ఉంది. ఆరేళ్లలో వాళ్ల గురించి నేను ఆలోచించలేదు.

హెక్సమ్_పక్కన:
మంచి నిర్ణయం. ఆ కట్టెల్ని మాత్రం పారేయించకండి. చీల్చి, నేలకి తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి పక్కలు గాలికి వదిలేస్తే ఏడాది రెండేళ్లలో ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

షెఫీల్డ్_సిక్కోలు:
అడ్వాన్స్ కట్టడం లేదని ఈ ఉదయం షాపుకి ఫోన్ చేసి చెప్పేశాను. మా ఆవిడకి కొంచెం దిగులుగా ఉంది, నాకూ ఉంది. నిప్పు ముందు ముగ్గురం కూర్చోవాలన్నది ఎన్నాళ్ల కోరికో. ఆ డబ్బులో కొంత అటక మీద ఇన్సులేషన్‌కి, ముందు తలుపు సందులు మూయించడానికి పెడుతున్నాం. చిమ్నీలోంచి చల్లగాలి దిగుతోంది, దాన్ని ప్లైవుడ్‌తో పూర్తిగా మూసేద్దామనుకుంటున్నాను. సరేనా ఇంజనీర్ గారూ?

హీటింగ్_ఇంజనీర్_రీడింగ్:
పూర్తిగా మూయొద్దండి. ముందు ఒకసారి చిమ్నీ శుభ్రం చేయించండి, పాత మసి ఉంటే వానాకాలం గదంతా వాసన వేస్తుంది. తర్వాత ప్లైవుడ్‌లో చిన్న జాలీ వదలండి, పైన గొట్టానికి వాన పడకుండా, గాలి ఆడేలా టోపీ పెట్టించండి. లోపల గాలి ఆడకపోతే రెండేళ్లలో గోడకి తేమ పట్టి ప్లాస్టర్ ఉబ్బుతుంది.