శిక్ష అంటే హిందీలో చదువెలా అయింది?

ప్రశ్న:
హిందీలో ‘శిక్షా మంత్రాలయ్’ అంటే విద్యాశాఖ అని తెలిసినప్పటి నుంచి ఇదే ఆలోచన. మనకు శిక్ష అంటే జైలో, జరిమానానో కదా, ఒకే మాట అంత దూరం ఎలా వెళ్లింది?

జవాబు 1:
మొదటి అర్థం చదువేనండి. సంస్కృతంలో ‘శక్’ ధాతువుకు చేయగలగడం అని అర్థం, చేయగలగాలనే కోరిక నుంచి ‘శిక్ష్’, అంటే నేర్చుకోవడం. ఆరు వేదాంగాల్లో ఉచ్చారణ శాస్త్రం పేరు కూడా శిక్షే. నేర్పడంలో తప్పు దిద్దడమూ ఉంటుంది కాబట్టి దండన అనే అర్థం వచ్చి చేరింది. శిక్షణ, శిక్షకుడు అనే మాటల్లో మనం పాత అర్థాన్ని భద్రంగా ఉంచుకున్నాం, నాకు అది చాలా ఇష్టం.

జవాబు 2:
మరాఠీలోనూ శిక్షా అంటే దండనే, చదువుకు ‘శిక్షణ్’. కన్నడంలోనూ అంతే. బెంగాలీ మాత్రం హిందీ వైపు.

ప్రశ్న అడిగినవారు:
శిక్షణ అని రోజూ అంటూ కూడా గమనించలేదు! థాంక్సండి.