కొలస్సయులకు 2:14లో ‘చేవ్రాత’ అంటే?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు, బైబిల్లో పౌలు రాసిన ఈ పత్రికలో, మనమీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు సిలువకు కొట్టి "దానిమీది చేవ్రాతను తుడిచివేసి" అన్నచోట చేవ్రాత అంటే వట్టి చేతిరాతేనా అని. చేతిరాతే, కానీ అప్పు కాగితం మీది చేతిరాత. గ్రీకులో ఆ మాట ఖైరోగ్రాఫోన్: ‘ఖెయిర్’ చెయ్యి, ‘గ్రాఫో’ రాయడం. కొత్త నిబంధనలో ఈ ఒక్కచోటే వస్తుంది. బాకీపడ్డవాడు తన చేత్తో రాసిచ్చే పత్రానికి ఆ రోజుల్లో అదే పేరు. సంతకాన్ని చేవ్రాలు అనడం మనకు ఉన్నదే కాబట్టి ‘చేవ్రాత’ తెలుగులో చక్కగా ఒదిగింది. మా కొండపి వైపు మాటలో అయితే ప్రోనోటు.

నోటు సంగతి మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లోకి కట్టెలకని చిన్నాన్న మా నాయన దగ్గర 40 వేలు తీసుకున్నాడు. నోటుకు మూడేళ్లే కాలం, ఆలోపు కొంత జమన్నా వేయించాలి, లేదంటే వడ్డీ కలిపి తిరగరాయించుకోవాలి, లేకపోతే కోర్టులో నిలవదు. నాయన రెండుసార్లు తిరగరాయించాడు. డబ్బు రాలేదు, అన్నదమ్ముల మధ్య మాటలూ పోయాయి. ఒక ఆదివారం గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి అందరూ లేచి వెళ్తుంటే నాయన లేవలేదు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీసి, నోటు జేబులో పెట్టుకుని నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లాడు, వెనకాల నేనూ ఉన్నాను. ఆ కాగితం చూడగానే చిన్నాన్న, "మూడేళ్లు అప్పుడే అయిపోయినాయా అన్నా?" అంటూ పెన్ను కోసం లేచాడు. ఆ మాటకు నాయన కళ్లనిండా నీళ్లు. నోటు వెనక ‘చెల్లు’ అని రాసి, సంతకం పెట్టి, తమ్ముడి చేతికిచ్చాడు.

యేసు మరణం నా అప్పు తీర్చింది అని పాడుకోవడం సులువు. అది నమ్మినవాడు పెట్టెలో ఇంకొకడి నోటు దాచుకుని ఎట్లా నిద్రపోతాడు అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. నా బావమరిది నన్ను అన్న ఒక మాటను నేను ఏళ్ల తరబడి వడ్డీతో సహా తిరగరాసుకుంటూ వచ్చాను. కిందటేడు ఫోన్ చేశాను. మొదటి రెండు నిమిషాలు భలే టెన్షన్.

(ఒంగోలు నుంచి ఒక అక్క: మా నాయనమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. అలాంటివాళ్లకు చేవ్రాత అంటే ఏం తోచేదంటావు తమ్ముడూ?)

అక్కా, మంచి ప్రశ్న. 1878 జులై 3న మీ ఒంగోలు వైపే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు, అది కూడా పెద్ద కరువు వెంటనే. వాళ్లలో చాలామందికి చదువు లేదు. అయినా కాగితం మీద వేలు ఒత్తితే ఏమవుతుందో మనకన్నా వాళ్లకే బాగా తెలిసి ఉంటుంది. ‘తుడిచివేసి’ అన్నది కూడా ఊరికే పడ్డ మాట కాదు. ఆనాటి సిరా మసీ బంకా కలిపి చేసింది, తడి చేసి తుడిస్తే పోయేది. కొట్టివేత అయితే గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి.

చిన్నాన్న మాత్రం ఆ నోటు చించలేదు, బైబిల్లో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "వెనక మా అన్న రాత ఉందిరా" అన్నాడు.