టోక్యోలో సుషీ కౌంటర్‌కి పిలిచారు, పచ్చి చేప ఎప్పుడూ తినలేదు

అచ్యుతాపురం సెజ్‌లో పనిచేస్తున్నా. వచ్చే నెల ట్రైనింగ్‌కి టోక్యో పంపిస్తున్నారు, అక్కడి మేనేజర్ ఒకరోజు రాత్రి పాతకాలం సుషీ హోటల్‌కి తీసుకెళ్తానని మెయిల్ పెట్టాడు. మెనూ ఉండదట, వంటాయన ఇచ్చిందే తినాలట. నేను పుట్టింది జాలరిపేట పక్కనే, కోణం చేప పులుసు లేనిదే ముద్ద దిగదు, కానీ పచ్చిది ఎలా తినడం? చాప్‌స్టిక్స్ కూడా రావు. టెన్షన్‌గా ఉంది.

బీచ్‌రోడ్డు బాబాయ్:
చాప్‌స్టిక్స్ సంగతి వదిలెయ్ తమ్ముడూ, నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిచ్చే సుషీ, చేత్తో తినొచ్చు, అక్కడివాళ్లూ చాలామంది అలాగే తింటారు. నేను రెండేళ్లు నగోయాలో ఉన్నా. ముక్క పెట్టగానే నోట్లో వేసుకో, ఒకే ముద్దలో, ఫొటోలు తీస్తూ కూర్చోకు, ఎందుకంటే అన్నం ఒంటి వేడిలో ఉండగా ఇస్తారు, చల్లారితే వంటాయన కష్టం వృథా. మంచి చోట సోయా సాస్ ఆయనే రాసి, వసాబీ (ముక్కుకి ఎక్కే ఘాటైన పచ్చ ముద్ద) లోపలే పెట్టి ఇస్తాడు, మళ్లీ ముంచక్కర్లేదు. ముంచాల్సొస్తే చేప వైపు ముంచాలి, అన్నం వైపు ముంచితే సాస్ పీల్చేసి విడిపోతుంది. అల్లం ఊరగాయ ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోడానికి, పైన పెట్టుకోడానికి కాదు. సెంటు కొట్టుకుని మాత్రం వెళ్లకు.

గాజువాక గృహిణి:
మా ఆయన చాప్‌స్టిక్స్ అన్నంలో నిలబెట్టేశారండీ, పక్కన కూర్చున్న ముసలాయన మొహం మాడిపోయింది. అక్కడ చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారట, మనకి పిండంలాగ అనుకోండి.

సాగర్‌నగర్ సందేహాలరావు:
పచ్చి చేపలో ఉండే పురుగుల మాటేంటి? వసాబీ, వెనిగర్ చంపేస్తాయంటారు.

బీచ్‌రోడ్డు బాబాయ్:
చంపవు. బాగా గడ్డకట్టించడమే మందు, అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ లెక్క మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు. దూర సముద్రాల్లో పట్టే ట్యూనాని పడవలోనే మైనస్ 60కి తీసుకెళ్తారు. అలాగని మన ఫిషింగ్ హార్బర్‌లో సూర చేప కొని ఇంట్లో కోసుకోకండి మహాప్రభో, అది ఎంత తాజాదైనా కూరకే.

శాకాహారి శ్రీను:
నాలాంటోళ్లకి దోసకాయ రోల్ లాంటివి తప్ప పెద్దగా ఏమీ ఉండదు, తీపి గుడ్డట్టులో కూడా చాలాచోట్ల చేప రసం కలుపుతారు. పడనివి ఏవైనా ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పించు, కౌంటర్ దగ్గర కూర్చున్నాక చెబితే ఆయనకి ఇబ్బంది.

ప్రశ్న వేసినవాణ్ని:
థాంక్స్ అందరికీ. రొయ్యలు పడవు నాకు, దురదలు. ఆ ముక్క ఇవాళే మెయిల్‌లో రాసేస్తా. టిప్ ఎంత ఇవ్వాలి?

బీచ్‌రోడ్డు బాబాయ్:
జపాన్‌లో టిప్ ఇవ్వరు. లేచేటప్పుడు "గొచిసోసమ" (భోజనం పెట్టినందుకు థాంక్స్ అని) అను, చాలు. బిల్లు మేనేజర్ చూసుకుంటాడులే, నువ్వు పర్సు తియ్యకు.