రిజిస్ట్రేషన్ కాకముందే ఇంకో పది లక్షలు కట్టి ఫ్లాట్‌లోకి దిగొచ్చా?

అద్దెకొంప:
మొదటి ఇల్లు కొంటున్నాం. నిజాంపేటలో రీసేల్ ఫ్లాట్, 68 లక్షలు. నోటరీ అగ్రిమెంట్ రాసుకుని 6 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. నా లోన్ శాంక్షన్ అయింది, రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేద్దామనుకునేసరికి ఓనరు "బ్యాంకు నుంచి ఇంటి ఒరిజినల్ కాగితాలు ఇంకా రాలేదు, ఒక నెల ఆగండి" అన్నాడు. దాంతో పాటు ఇంకో మాట: ఇప్పుడు 10 లక్షలు ఇస్తే తాళాలు ఇచ్చేస్తాడట. సామాను దించుకుని ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం అంటాడు.

మేముంటున్న ఇల్లు ఖాళీ చేస్తామని ఇప్పటికే చెప్పేశాం. మామగారు ఆషాఢం రాకముందే పాలు పొంగించేయమంటున్నారు. మా ఆవిడేమో కాగితం చేతికి రాకుండా పైసా ఇవ్వొద్దంటోంది. మీరైతే ఏం చేస్తారు?

గోదారి గట్టు:
దిగిపోండి. లోపల ఉన్నవాణ్ణి కదిలించడం అంత తేలిక కాదు. బయట ఉంటే అద్దె కట్టాలి, నెల నెలా ఓనరును బతిమాలాలి. 2020లో తెలంగాణలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి, గుర్తుందా? అప్పుడు మా అన్నయ్య అగ్రిమెంట్ మీదే ఇంట్లోకి దిగాడు, మళ్లీ మొదలయ్యాక దర్జాగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. అందరూ మోసగాళ్లేం కాదండీ. పైగా రేట్లు పెరుగుతున్న చోట ఓనరు మనసు మారకముందే ఇంట్లో కూర్చోవడం మంచిది.

పాత రైటరు:
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసి రాసి రిటైరైనవాణ్ణి. మీ అన్నయ్య విషయంలో ఆగింది ప్రభుత్వం వల్ల, అమ్మేవాడి వల్ల కాదు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకండి.

"లోపల ఉంటే బలం" అనే మాట పాతది. రిజిస్టర్ కాని అగ్రిమెంట్ మీద ఇంట్లోకి దిగితే ఓనరు ఖాళీ చేయించకుండా ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్ కింద దొరికే రక్షణ 2001 సవరణ తర్వాత దొరకదు. పోనీ, స్వాధీనం ఇచ్చినట్టు అగ్రిమెంట్‌లోనే రాయించుకుందామా? అలా రాస్తే స్టాంపు చట్టం మన దగ్గర దాన్ని అమ్మకంగానే లెక్కేస్తుంది, సేల్ డీడ్‌కు పడేంత డ్యూటీ పడుతుంది. అది కట్టకుండా రేపు కోర్టులో ఆ కాగితం చూపిస్తే ముందు పెనాల్టీ కట్టమంటారు. ఏమీ రాయకుండా తాళాలు తీసుకుంటే మీరు ఆ ఇంట్లో ఎవరు? అద్దెకున్నవాళ్లా, కొనుక్కున్నవాళ్లా? గొడవ వస్తే ఓనరు తనకు అనుకూలమైన జవాబే చెబుతాడు.

ఇంకో మాట, ధర 50 లక్షలు దాటింది కాబట్టి అడ్వాన్సు మీద కూడా ఒక శాతం టీడీఎస్ కోయాలి, అంటే ఓనరుకిచ్చే డబ్బులోంచి ఆయన పన్నును మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. 6 లక్షలకు 6 వేలు. కోశారా? ఆ నెల ముగిశాక 30 రోజుల్లో కట్టాలి.

డల్లాస్ బాబాయ్:
అమ్మేవాడి వైపు నుంచి నేను మాట్లాడతా. మొన్న వనస్థలిపురంలో మా ఇల్లు అమ్మడానికి నానా తంటాలు పడ్డాం. తమ్ముడికి జీపీఏ (మా తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) పంపాలంటే ఇక్కడ కాన్సులేట్‌లో అటెస్టేషన్, అక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించడం. మేం ఎన్నారైలం కాబట్టి టీడీఎస్ ఒక శాతంతో పోదు, చాలా ఎక్కువ పడుతుంది. అది తగ్గించుకోవడానికి ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ కోసం ఎదురుచూపు. కొనే ఆయన రోజూ ఫోన్ చేసి "కావాలనే లాగుతున్నారు" అనేవాడు. లాగితే మాకేం లాభమండీ? ఆలస్యం అనగానే అనుమానపడకండి. ఎక్కడ ఆగిందో అడిగి కాగితం చూపించమనండి. చూపిస్తే ఆగండి.

లోన్ డెస్క్:
బాబాయ్ చెప్పిందే అసలు ప్రశ్న. "ఒరిజినల్స్ రాలేదు" అంటున్నాడు కదా, ఆయన లోన్ క్లోజ్ అయిందా, కాలేదా? పూర్తిగా తీరిపోయి ఉంటే 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో చెప్పింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలి. కాబట్టి లోన్ క్లోజర్ లెటరు అడగండి, దాని మీద తేదీ చూడండి. లెటరు లేదంటే లోన్ ఇంకా నడుస్తున్నట్టే, అప్పుడు బ్యాంకును తిట్టి లాభం లేదు.

ఇంకో లెక్క. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఇంటి విలువలో 80 శాతం దాటి బ్యాంకు ఇవ్వదు. అంటే 68 లక్షల్లో మీ వాటా కనీసం 13.6 లక్షలు. 6 ఇచ్చేశారు, మిగిలింది 7.6. ఆయన అడిగే 10 ఎక్కడి నుంచి తెస్తారు? పర్సనల్ లోన్ మాత్రం తీయకండి. డబ్బు విడుదల చేసేముందు బ్యాంకు మళ్లీ మీ క్రెడిట్ రిపోర్టు చూస్తే శాంక్షన్ తగ్గొచ్చు. కొత్తింటికి ఫ్రిజ్ కూడా అప్పుడే ఈఎంఐలో కొనకండి.

అద్దెకొంప:
టీడీఎస్ సంగతి ఎవరూ చెప్పలేదు, ఇవాళే చూస్తా.

ఏజెంటును గట్టిగా అడిగితే బయటపడింది. ఓనరు లోన్ ఇంకా 9.4 లక్షలు ఉంది. ఆ 10 అడిగింది అది తీర్చడానికే. మామగారు బంగారం పెట్టి సర్దుతానన్నారు కానీ మా ఆవిడ ససేమిరా అంది.

గోదారి గట్టు:
అబద్ధం చెప్పాడన్నమాట. అయినా నా మాట అదే. డబ్బు లోన్ తీర్చడానికే వెళ్తోంది, ఒరిజినల్స్ బయటికొస్తాయి. మీరు ఇంట్లో ఉంటారు. ఇంకేం కావాలి?

డల్లాస్ బాబాయ్:
పూర్తి అబద్ధం అనను. లోన్ ఉన్న ఇల్లు అమ్మే మధ్యతరగతి మనిషి దగ్గర ముందే తీర్చేంత డబ్బు ఎక్కడుంటుంది? కానీ ఆ మాట అడ్వాన్సు తీసుకున్నరోజే చెప్పాలి. బ్యాంకు మీదకు తోయడం బాగాలేదు.

లోన్ డెస్క్:
డబ్బు లోన్ తీర్చడానికే వెళ్తోందంటే నేరుగా ఆ లోన్ ఖాతాకే వెళ్లాలి, ఆయన సేవింగ్స్ ఖాతాకు వద్దు. ఫోర్‌క్లోజర్ లెటరు (లోన్ మొత్తం తీరాలంటే ఎంత కట్టాలో బ్యాంకు రాసిచ్చేది), బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తెమ్మనండి. మీరు మీ 7.6 కట్టండి, మిగతా 1.8 ఆయన వేసుకోవాలి. కొన్ని బ్యాంకులు కొనేవాళ్ల లోన్‌లోంచే డీడీ నేరుగా అమ్మేవాళ్ల బ్యాంకుకు ఇస్తాయి. మీ బ్రాంచీలో కుదురుతుందేమో అడగండి, కుదిరితే అదే మంచిది.

పాత రైటరు:
అందులోనూ ఒక చిక్కుంది. లోన్ తీరగానే ఒరిజినల్స్ ఆయన చేతికే వస్తాయి. ఎవరో ఇంకో మూడు లక్షలు ఎక్కువిస్తానంటే? మీ దగ్గర ఉన్నది నోటరీ కాగితం. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో నోటరీది కనిపించదు. ఆ 7.6 కట్టేముందు అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయించండి, స్వాధీనం ఊసు లేకుండా. అప్పుడు ఈసీ తీసిన ప్రతివాడికీ మీ పేరు కనిపిస్తుంది. అందులోనే కొత్త గడువు, ఆ గడువే ప్రధానమన్న షరతు, దాటితే డబ్బు వడ్డీతో వాపసు లేదా రిజిస్ట్రేషన్ అని మీ ఇష్టానికి వదిలే వాక్యం రాయించండి. శాంక్షన్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్త. కోర్టుకు వెళ్లాల్సివస్తే మీరు కొనడానికి సిద్ధంగానే ఉన్నారని రుజువు చేయాల్సింది మీరే. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఈసీ ఇంకోసారి తీయండి.

ఆషాఢం గురించి మామగారికి చెప్పండి, గృహప్రవేశానికే ఆ పట్టింపు. ఆ నెలలో మా ఆఫీసు ముందు జనం పలచగా ఉండేవారు, పని తొందరగా అయ్యేది.

గోదారి గట్టు:
మరి ఇల్లు ఖాళీ చేసి ఆ నెల రోజులు పిల్లల్ని తీసుకుని ఎక్కడికి వెళ్తారు? చట్టం చెప్పేవాళ్లెవరూ ఆ జవాబు చెప్పరు.

అద్దెకొంప:
బాచుపల్లిలో మా వదినావాళ్ల పైపోర్షన్ ఖాళీగా ఉంది. ఇరుకే, కానీ సర్దుకుంటాం. తాళాలు వద్దని ఓనరుకు చెప్పేశాను. లోన్ ఖాతాకే కట్టడానికి ఒప్పుకున్నాడు. అగ్రిమెంట్ రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదన్న దగ్గర ఆగింది. ఆలస్యం నావల్ల కాదు కాబట్టి ఆయనే పెట్టుకోవాలంటాన్నేను.

గోదారి గట్టు:
న్యాయంగా అయితే ఆయనే.

పాత రైటరు:
న్యాయం ఆయన వైపు లేదు, నిజమే. కానీ ఆ కాగితం అవసరం మీది. దానికోసం ఇంకో వారం బేరాలాడితే మీ శాంక్షన్ గడువే దగ్గరపడుతుంది. మీరే పెట్టుకుని సోమవారం వెళ్లిరండి.

అద్దెకొంప:
మా ఆవిడా అదే అంది. సోమవారానికి స్లాట్ ఉందేమో చూస్తున్నా.