పునరుక్తి ఎప్పుడు దోషం? ఒక పాటలో 26 సార్లు "ఐ నో"

ప్రశ్న: ఒకే మాట పదేపదే వాడితే పునరుక్తి దోషం అంటారు కదా. పాటలకూ అదే లెక్కా?

జవాబు: దోషమని చెప్పిన ఆలంకారికులే మినహాయింపూ ఇచ్చారండీ. జాలి లాంటి భావం పొంగిపొర్లేచోట పునరుక్తి దోషం కాదు సరికదా అలంకారమే అంటాడు సంస్కృత ఆలంకారికుడు దండి, కావ్యాదర్శంలో. ఆయన ఇచ్చిన శ్లోకంలో 'హన్యతే' (చంపబడుతోంది) అనే మాట మూడుసార్లు వస్తుంది.

అమెరికాలో సోల్ అనే నల్లజాతి సంగీతం పాడే బిల్ విథర్స్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు. 1971లో వచ్చిన 'ఎయింట్ నో సన్‌షైన్' పాట, ఆమె వెళ్లిపోతే ఎండే ఉండదని బాధపడే పాట. దాని మధ్యలో "ఐ నో" (నాకు తెలుసు) అని వరసగా 26 సార్లు అంటాడు. అది ముందే వేసుకున్న ప్లాన్ కాదు. అక్కడ ఇంకో చరణం రాద్దామనుకున్నాడు. రికార్డింగులో ఉన్న నిర్మాత బుకర్ టి. జోన్స్ లాంటి పేరున్న సంగీతకారులు అలాగే ఉంచెయ్యమన్నారు, ఉంచేశాడు. అప్పటికి ఆయన విమానాల టాయిలెట్ సీట్లు చేసే ఫ్యాక్టరీలో కార్మికుడు. వాళ్ల మాట కాదనే ధైర్యం ఎక్కడిది! మొదటి ఆల్బమ్ అట్టమీద కూడా చేతిలో టిఫిన్ డబ్బాతోనే కనిపిస్తాడు. పాట హిట్టయినా వెంటనే ఉద్యోగం మానలేదు, సంగీతం కూడు పెడుతుందన్న నమ్మకం లేక.

వ్యాఖ్య: ఆయనకు నత్తి ఉండేదటగా. దాని ప్రభావమేమో?

జవాబు: నత్తి నిజమే, 28 ఏళ్లు వచ్చేదాకా ఉంది. తొమ్మిదేళ్లు నేవీలో పనిచేసిన కాలమంతా దానితోనే గడిచింది. కానీ ఈ వరసకు దాన్ని ముడిపెట్టడం నాకు నచ్చదు. నత్తిలో మాట తట్టుకుంటుంది, ఇక్కడ తాళం తప్పకుండా నడుస్తుంది. మూలం చర్చిలో వెతకాలంటాను. వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల ఊళ్లో పుట్టి, పక్కనున్న బెక్లీలో పెరిగాడు. అమ్మమ్మతో చర్చికి వెళ్లేవాడు. అక్కడి పాటల్లో ఒక మాట పట్టుకుని జనం చప్పట్లు కొడుతూ తిప్పితిప్పి పాడతారు. అదే ఆల్బమ్‌లో అమ్మమ్మ చేతుల గురించి రాసిన పాట కూడా ఉంది. అందులోనూ పంక్తి తర్వాత పంక్తి ఆ చేతుల పేరుతోనే మొదలవుతుంది.

వ్యాఖ్య: మరి తెలుగులో "తెలుసు తెలుసు" అని పాడితే ఆ బాధ వస్తుందా?

జవాబు: రెండుసార్లంటే రాదు. "తెలుసు తెలుసు" అంటే మనకు "ఇక చాల్లే, చెప్పకు" అని విసుగు. పైగా మన వాక్యంలో "ఆమెను వదిలేయాలని తెలుసు" అని తెలిసిన సంగతి ముందొస్తుంది, తెలుసు చివరికి పోతుంది. ఆయన పాటలో తెలుసు ముందు. ఏం తెలుసో చెప్పకుండా 26 సార్లు ఊరించి, అప్పుడు వదిలేయాలన్న సంగతి బయటపెడతాడు. తెలుగులో రాయాల్సివస్తే నేను "తెలుసు, నాకు తెలుసు" అని విరిచి మొదలుపెడతాను. విసుగు పోయి ఒప్పుకోలు వినిపించాలంటే ఆ 'నాకు' ఉండాలి.