14 అడుగుల జాన్ బోటుకు తక్కువ ఖర్చులో నేల, ముందు డెక్కు: ఏ చెక్క వాడాలి, ఎలా బిగించాలి?

లావాన్ గాలం (ప్రశ్న)

నమస్కారం. డాలస్‌కు ఉత్తరాన ఉంటున్న మేము ఇటీవల ఒకరు వాడిన 1448 అల్యూమినియం జాన్ బోటును కొన్నాము. జాన్ బోటు అంటే అడుగు చదునుగా ఉండే చిన్న పడవ; 1448 అంటే పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 48 అంగుళాలు. లోపల మూడు అడ్డబల్లలు తప్ప వేరే అమరిక ఏదీ లేదు. అడుగున అడ్డంగా ఉన్న రిబ్బుల (రేకును గట్టిపరిచే పట్టీల) మీద కాలు సరిగా నిలవదు, జూలై ఎండలో వట్టి రేకు మీద చెప్పులు లేకుండా నిలబడలేము, గాలాల పెట్టె కొంచెం జరిగినా ఆ చప్పుడుకు దగ్గరలో ఉన్న చేపలన్నీ చెదిరిపోతాయి. లావాన్, రే రాబర్ట్స్ సరస్సులకు క్రాపీ, శాండ్ బాస్ చేపల కోసం నేనూ పదేళ్ల మా అబ్బాయీ వెళ్తుంటాము.

మధ్య బల్లను తీసివేసి నేలంతా ప్లైవుడ్ పరచాలని, ముందు బల్ల నుంచి ముక్కు వరకు పక్క అంచులతో సమానమైన ఎత్తులో డెక్కు కట్టాలని అనుకుంటున్నాను. నీటికి చెడిపోదు కదా అని ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్‌ను ఎంచుకున్నాను. దానిని బోటు అడుగుకే స్క్రూలతో బిగించి, కింది ఖాళీని పోత ఫోమ్‌తో (ద్రవంగా పోస్తే ఉబ్బి గట్టిపడే ఫోమ్) నింపి, పైన కార్పెట్ అతికిద్దామన్నది ఆలోచన. ఖర్చు 300 డాలర్లు దాటకూడదు. చెక్క కోయకముందే మీ సలహాలు తెలుసుకుందామని రాస్తున్నాను.

చెక్కపని శాస్త్రి

మీ పథకంలో ముందుగా మార్చవలసినది చెక్క. ప్రెషర్ ట్రీటెడ్ కలప కుళ్లకుండా ఉండడానికి కారణం దానిలోకి ఎక్కించిన రాగి లవణాలు. ఇళ్లకు వాడే కలపలో 2003 చివరి వరకు ఆర్సెనిక్ కలిసిన పాత మందు ఉండేది. ఆ తరువాత వచ్చిన మందులలో రాగి పాలు మరింత పెరిగింది. తడిసిన చెక్క నుంచి ఊరిన రాగి అల్యూమినియం మీద చేరిందంటే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారైనట్లే. అందులో అరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. రేకు మీద ముందు తెల్లటి పొడి, ఆ పైన గుంటలు, చివరకు చిల్లులు కనిపిస్తాయి. పైన వార్నిష్ పూసినా, మధ్యలో రబ్బరు పట్టీ వేసినా ఈ చెక్కను అల్యూమినియం బోటులోకి తీసుకువెళ్లమని నేను చెప్పలేను.

బీఎస్ 1088 (బ్రిటిష్ ప్రమాణం) ముద్ర ఉన్న, పడవల కోసం చేసే మెరైన్ ప్లైవుడ్ మంచిదే కాని మీ బడ్జెట్‌లో సగానికి పైగా దానికే పోతుంది. వాడకం అయ్యాక ట్రైలర్ మీద గ్యారేజీకి చేరే బోటుకు, నీటికి ఊడని జిగురుతో చేసిన అర అంగుళం ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ సరిపోతుంది. ఒక ముఖమైనా నునుపుగా ఉన్న ఏసీ లేదా బీసీ గ్రేడు తీసుకోండి. పైకప్పులకు వాడే చౌకరకం పొరల మధ్య ఖాళీలు ఉంటాయి, నీరు చేరి నిలిచేది అక్కడే.

చెక్క ఎంత కాలం మన్నుతుందన్నది పూతను బట్టి ఉంటుంది. మొదటి పూతగా స్పార్ యురేథేన్‌ను (ఆరుబయట వాడే వార్నిష్) మినరల్ స్పిరిట్స్ అనే థిన్నర్‌తో పలుచన చేసి చెక్కకు బాగా పట్టించండి. ఆపైన పలుచన చేయకుండా రెండు మూడు పూతలు వేయండి. పై ముఖం కంటే అడుగు ముఖానికి, కోసిన అంచులకు, స్క్రూ రంధ్రాల లోపలి గోడలకు ఎక్కువ శ్రద్ధ అవసరం. ఎపాక్సీ పూస్తే ఇంకా మేలే, కాని ఎండకు అది పాలిపోతుంది కాబట్టి దాని మీద రంగు తప్పనిసరి.

టెక్సోమా తీరం

చెక్క గురించి శాస్త్రిగారు చెప్పారు కాబట్టి నేను బల్ల గురించి, ఎత్తు గురించి చెబుతాను. దయచేసి మధ్య బల్లను తీయకండి. అది కూర్చోవడానికి మాత్రమే పెట్టినది కాదు. రెండు పక్కగోడలూ విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఆ బల్లే. దాని లోపల ఉన్న ఫోమ్ కూడా ఊరికే పెట్టినది కాదు: 20 అడుగుల కంటే చిన్న అవుట్‌బోర్డు (వెనక బయట ఇంజను తగిలించే) బోట్లు నీటితో నిండిపోయినా తేలి ఉండాలని కోస్ట్ గార్డ్ తయారీదారులకు విధించిన నిబంధన ప్రకారం పెట్టినది. ఎదురుగా ఉన్న బల్ల అడ్డంగా తోస్తుందేమో కాని, నేలను రెండు భాగాలుగా చేసి బల్లకు అటూ ఇటూ పరుచుకుంటే నడవడానికి ఇబ్బంది ఉండదు.

పక్క అంచుల ఎత్తున డెక్కు కట్టాలన్న ఆలోచనను కూడా నేను ఒప్పుకోలేను. అడుగు చదునుగా ఉన్న బోటు మొదట్లో ఎంతో స్థిరంగా అనిపిస్తుంది, కాని ఒక హద్దు దాటి ఒరిగిందంటే తిరిగి నిలబడే అవకాశం తక్కువ. మనిషి నిలబడే చోటు ఎంత పైకి పోతే ఆ హద్దు అంత దగ్గరవుతుంది. పైగా అంచుతో సమానమైన డెక్కు మీద కాలు జారితే ఆపడానికి ఏదీ ఉండదు, మీ వెంట పిల్లవాడు కూడా ఉంటాడు. డెక్కును ముందు బల్ల ఎత్తుకే ఆపండి.

బరువు లెక్క కూడా కాగితం మీద వేసుకోండి. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న అర అంగుళం ప్లైవుడ్ షీటు సుమారు 45 పౌండ్లు ఉంటుంది. నేలకు ఒక షీటు, ముందు డెక్కుకు అర షీటు అనుకుంటే పూతలు, చట్రం కలిపి 80 పౌండ్లకు పైనే వస్తుంది. ట్రోలింగ్ మోటారు (బోటును మెల్లగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారు) బ్యాటరీని కూడా చేరిస్తే ఒక మనిషి బరువుకు దగ్గరవుతుంది. బోటు ఎంత బరువు మోయగలదో తెలిపే సామర్థ్య ఫలకం మీద ఉన్న పౌండ్లలో నుంచి ఇదంతా తీసివేశాకే మనుషులనూ సామానునూ లెక్కపెట్టాలి.

లావాన్ గాలం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రీటెడ్ ప్లైవుడ్ కొనడం మానుకున్నాను, బల్ల కూడా ఉన్నచోటే ఉంటుంది. మరొక సందేహం: కుళ్లే బాధే లేకుండా, తేలికగా కూడా ఉంటుందని 1/8 అంగుళం అల్యూమినియం రేకునే పరిస్తే ఎలా ఉంటుంది?

చెక్కపని శాస్త్రి

తేలిక అన్నది అపోహే. 1/8 అంగుళం అల్యూమినియం రేకు చదరపు అడుగుకు దాదాపు 1.75 పౌండ్లు తూగుతుంది, అర అంగుళం ప్లైవుడ్ 1.4 పౌండ్లే. వంగకుండా నిలవడంలో తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ప్లైవుడ్ కింద 16 అంగుళాలకు ఒక ఆధారం ఉంటే చాలు. అదే దూరంలో రేకు కాలి కింద కుంగి లేస్తూ టపటపమంటుంది. మీరు తప్పించుకోవాలనుకున్న చప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది. రేకు మన్నిక నిజమే, కాని దానికి చట్రం దట్టంగా వేయాలి, అప్పుడు 300 డాలర్లు చాలవు.

చట్రానికి మాత్రం అల్యూమినియమే సరైనది. 6061 రకం అల్యూమినియంతో చేసిన యాంగిల్ (L ఆకారపు పట్టీ), ఒకటిన్నర అంగుళాల వెడల్పు, 1/8 అంగుళం మందం ఉన్నది తీసుకుని, మూసిన కొన గల అల్యూమినియం రివెట్లతో బల్లల నిలువు ముఖాలకు బిగించండి. రంధ్రం వేసేముందు రేకు అవతల ఏముందో చూసుకోండి. నీటిమట్టానికి దిగువన బోటు అడుగుకు ఒక్క చిల్లు కూడా పెట్టవద్దు. ప్లైవుడ్‌ను యాంగిల్‌కు పట్టించే స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి కావాలి. అవి అల్యూమినియంలో పట్టుకుపోకుండా మరలకు టెఫ్-జెల్ లాంటి లేపనం రాయండి.

రే హబ్బర్డ్ వాసి

కింది ఖాళీని పోత ఫోమ్‌తో నింపే విషయాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అది చేయకండి. నీరు దాని కిందికి ఏదో ఒక దారిన చేరుతుంది, తిరిగి రావడానికి మాత్రం దారి ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ ఫోమ్ నీటిని పీల్చి బోటు బరువెక్కుతుంది. మన రాష్ట్రంలో దీనికి మరో కోణం కూడా ఉంది. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్స్ (బయటి నుంచి వచ్చి వేగంగా వ్యాపించే చిన్న చారల ఆల్చిప్పలు) బయటపడ్డాయి. 2014 జూలై 1 నుంచి టెక్సాస్ అంతటా మంచినీటి సరస్సుల దగ్గరకు వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ బోటులోని నీటినంతా తీసివేయడం తప్పనిసరి. కంటికి కనిపించని ఆ మసెల్స్ పిల్లలు నిలిచిన నీటిలోనే ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు చేరతాయి. కాబట్టి నేల కింద నీరు రిబ్బుల మధ్య నుంచి వెనక డ్రెయిన్ ప్లగ్ (నీరు వదిలే రంధ్రపు బిరడా) వరకు అడ్డు లేకుండా పారాలి, ప్లగ్ దగ్గర చేయి పట్టే మూత ఒకటి ఉండాలి. ఫోమ్ కావాలంటే మూసిన గదులున్న గులాబీ లేదా నీలి పాలీస్టైరీన్ పలకలను రిబ్బుల మధ్య వదులుగా అమర్చి, కావలసినప్పుడు తీసేలా పెట్టుకోండి. అయితే పెట్రోలు తగిలితే అవి కరిగిపోతాయి కనుక ఇంధన ట్యాంకు దగ్గర వద్దు.

కార్పెట్ విషయంలో నాది భిన్నాభిప్రాయం. చాలామంది వేస్తారు, చప్పుడును అణచడంలో దానికి సాటి లేదు. కాని తడి చెక్కకు అంటుకుని ఉన్న కార్పెట్ రోజుల తరబడి ఆరదు, గాలపు ముల్లు దిగబడితే కత్తితో కోయవలసిందే. లేతరంగు డెక్కు పెయింటులో సన్నని ఇసుక కలిపి పూస్తే జారదు, ఎండకు కాలదు, చెక్క ఎక్కడ చెడుతున్నదో పైకే కనిపిస్తుంది. చప్పుడు కోసం ప్లైవుడ్‌కూ యాంగిల్‌కూ మధ్య నియోప్రిన్ రబ్బరు పట్టీ వేయండి.

టెక్సోమా తీరం

పెయింటు మాటతో నేనూ ఏకీభవిస్తాను, కాని మా బోటులో వెనక భాగంలో మాత్రం కార్పెట్ ఉంచుకున్నాము, దానిని అతికించకుండా స్నాప్ బొత్తాలతో పెట్టుకున్నందువల్ల ఇంటికి రాగానే ఊడదీసి కంచె మీద ఆరవేస్తాము. లావాన్ గాలం గారూ, బోటు పక్కలు ఎక్కడా సూటిగా ఉండవు కాబట్టి ప్లైవుడ్ మీద నేరుగా కొలతలు గీయవద్దు. ముందు పెద్ద అట్టపెట్టెలను కోసి నమూనా చేసుకోండి. అట్ట సరిగ్గా కూర్చున్న తరువాత చుట్టూ పావు అంగుళం తగ్గించి చెక్క కోయండి. ఆ సందులో నుంచి నీరూ దిగుతుంది, చెక్క ఉబ్బినా బిగుసుకుపోదు, పలకను పైకి లేపడానికి వేలూ పడుతుంది.