న్యూరోపెప్టైడ్ రిసెప్టర్లను ఇంకా మెదడు నుంచే తీయాలా?

కొత్త_స్కాలర్:
ఎలుక మెదడు నుంచి మెంబ్రేన్ (కణాల పొర) తీసి ఓపియాయిడ్ రిసెప్టర్ బైండింగ్ చేయమన్నారు మా గైడ్. అంటే మార్ఫిన్ లాంటి మందులు అతుక్కునే ప్రోటీన్‌కు, గుర్తు పెట్టిన అణువు ఎంత అంటుకుంటుందో కొలవడం. మా సీనియర్ అక్కేమో, క్లోన్ చేసిన రిసెప్టర్ ఉన్న హెచ్‌ఈకే కణాలు (కల్చర్‌లో పెంచే మనిషి కణాలు) ల్యాబ్‌లోనే ఉండగా జంతువుల మెదళ్లతో పనేముంది అంటోంది. రెండు వారాలుగా చేస్తున్నా, బైండింగ్ కనబడటం లేదు. టెన్షన్‌గా ఉంది. అసలు ఈ పద్ధతికి కాలం చెల్లిందా?

క్లోన్_పక్షం:
మీ అక్క చెప్పిందే కరెక్ట్. చిన్న లెక్క చూడండి. 50 కిలోడాల్టన్ల రిసెప్టర్ పూర్తిగా శుద్ధమైతే మిల్లీగ్రాముకు 20 నానోమోల్స్ ఉండాలి. మెదడు మెంబ్రేన్‌లో మిల్లీగ్రాము ప్రోటీన్‌కు 200 ఫెంటోమోల్స్ దొరికాయనుకోండి, లక్ష రెట్లు శుద్ధి చేయాలి. శుద్ధి చేసే ప్రతి కాలమ్ దగ్గరా కొంత పోతూనే ఉంటుంది. పైగా మ్యూ, డెల్టా, కప్పా అనే మూడు రకాల ఓపియాయిడ్ రిసెప్టర్లూ అక్కడ కలిసే ఉంటాయి. 1992లో డెల్టా, మరుసటి ఏడాది మ్యూ జన్యువులు దొరికాక ఆ పాట్లు తప్పాయి. 2012లో వచ్చిన మ్యూ రిసెప్టర్ నిర్మాణం కూడా కీటక కణాల్లో తయారుచేసిన ప్రోటీన్‌తోనే సాధించారు.

మంచు_బకెట్:
నిర్మాణం వరకు మీతో పేచీ లేదు. కానీ రిసెప్టర్ ఒంటరిగా బతికే ప్రోటీన్ కాదు.

సీజీఆర్‌పీ అనే న్యూరోపెప్టైడ్ కథే తీసుకోండి. ఆ పెప్టైడ్‌కు రిసెప్టర్ అనుకున్న జన్యువును ఒక రకం కణాల్లో పెడితే స్పందన వచ్చింది, ఇంకో రకంలో పెడితే రాలేదు. అసలు విషయం 1998లో తేలింది. పక్కన ర్యాంప్1 అనే చిన్న ప్రోటీన్ ఉంటేనే అది సీజీఆర్‌పీ రిసెప్టర్ అవుతుంది. ర్యాంప్2 ఉంటే అదే జన్యువు అడ్రెనోమెడ్యులిన్ అనే మరో పెప్టైడ్‌కు రిసెప్టర్ అయిపోతుంది. కల్చర్ కణాల్లో ఏ తోడు ఉందో, ఏది లేదో మనకు ముందే తెలియదు. మెదడు మెంబ్రేన్‌లో జి ప్రోటీన్ (రిసెప్టర్ సంకేతాన్ని కణం లోపలికి అందించేది), కొలెస్టరాల్, తోడు ప్రోటీన్లు వాటి నిష్పత్తిలోనే ఉంటాయి. ఆక్సిటోసిన్ రిసెప్టర్‌నైతే కొలెస్టరాల్ తగ్గిస్తే చాలు, పెప్టైడ్‌ను గట్టిగా పట్టుకోవడం మానేస్తుంది.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన సంగతి. 1973లో జాన్స్ హాప్‌కిన్స్‌లో పెర్ట్, స్నైడర్ ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న నాలోక్సోన్‌తో, అంటే ఓపియాయిడ్ రిసెప్టర్‌ను అడ్డుకునే మందుతో, మెదడు కణజాలంలో ఓపియాయిడ్ బైండింగ్ చూపించారు. అదే ఏడాది సైమన్, టెరెనియస్ కూడా విడివిడిగా చూపించారు. కాస్త ఉప్పు కలిపితే అగోనిస్టుల (రిసెప్టర్‌ను పనిచేయించే అణువుల) బైండింగ్ పడిపోతుంది, నాలోక్సోన్‌ది పడిపోదు అని ఆ రోజుల్లోనే మెదడు గుజ్జులో గమనించారు. ఎందుకన్నది 2014లో డెల్టా రిసెప్టర్‌ను 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూసినప్పుడు బోధపడింది, సోడియం అయాన్ లోపలే కూర్చుని ఉంది! ఆ గుజ్జే లేకపోతే సోడియం కోసం ఎవరు వెతికేవారు?

క్లోన్_పక్షం:
గుజ్జు చరిత్రను నేనూ గౌరవిస్తాను. అయితే ఎలుక మెదడులో కనిపించేది మనిషికి వర్తిస్తుందా? మీరు చెప్పిన సీజీఆర్‌పీ రిసెప్టర్‌నే చూడండి. దాన్ని అడ్డుకునే ఓల్సెజెపాంట్ అనే మందు మనిషి రిసెప్టర్‌కు ఎంతో గట్టిగా అతుక్కుంటుంది, ఎలుకదానికి చాలా బలహీనంగా. తేడా ఆ ర్యాంప్1లోని ఒక్క అమైనో ఆమ్లంలో ఉంది. క్లోన్ చేసిన మనిషి రిసెప్టర్‌తో మొదలుపెడితే ఈ మోసం ఉండదు.

మంచు_బకెట్:
ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటున్నాను. మందు కోసం వెతికేటప్పుడు మనిషి రిసెప్టరే ముందుండాలి. ఎలుక మెదడే అంతిమ సత్యం అని నేను అనడం లేదు.

పెప్టైడ్_ప్రియ:
1998లో ఒరెక్సిన్ అనే మెదడు పెప్టైడ్ ఎలా దొరికిందో గుర్తు చేయాలి. రిసెప్టర్ జన్యువు చేతిలో ఉంది, దాని పెప్టైడ్ ఏదో తెలియదు. ఆ జన్యువు పెట్టిన కణాలపై మెదడు సారాన్ని భాగాలుగా విడగొట్టి పోసి చూశారు. 1995లో నోసిసెప్టిన్ అనే పెప్టైడ్ దొరికిందీ ఇలాగే. కణాలు ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు, మెదడు ఒక్కటే ఉన్నా సరిపోయేది కాదు.

కొత్త_స్కాలర్:
చాలా థాంక్స్ అండీ. మరి నా బైండింగ్ ఎందుకు రావడం లేదు? డ్యామ్‌గో (మ్యూ రిసెప్టర్‌కు అతుక్కునే కృత్రిమ పెప్టైడ్) వాడుతున్నాను, ఫిల్టర్ మీద నాన్‌స్పెసిఫిక్ (రిసెప్టర్‌కు కాక వేరే చోట అంటుకునేది) చాలా ఎక్కువగా వస్తోంది.

మంచు_బకెట్:
మెంబ్రేన్‌ను ఒకసారి కడిగాక 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేశారా? చేయకపోతే మెదడు సొంత ఓపియాయిడ్ పెప్టైడ్‌లైన ఎన్‌కెఫలిన్‌లు, ఎండార్ఫిన్‌లు రిసెప్టర్‌ను పట్టుకుని కూర్చుంటాయి, మీ డ్యామ్‌గోకు చోటే దొరకదు. బఫర్‌లో సోడియం ఉందేమో కూడా చూసుకోండి, పైన చెప్పిన ఉప్పు గొడవ ఇక్కడా ఉంటుంది. ఇక గ్లాస్ ఫైబర్ ఫిల్టర్. పాజిటివ్ చార్జ్ ఉన్న పెప్టైడ్ గాజుకే అంటుకుపోతుంది. ముందే పాలీఎథిలిన్‌ఇమైన్‌లో నానబెట్టి, ఐస్‌లో పెట్టిన బఫర్‌తో గబగబా మూడుసార్లు కడగండి. అక్కడ తీరిగ్గా కడిగితే అతుక్కున్నది కూడా ఊడిపోతుంది. నేను మొదట్లో చేసిన తప్పు అదే, ఒక నెల పోయింది. రేపు సమయం చూసుకుంటూ కడిగి చూడండి, నాలోక్సోన్ 10 మైక్రోమోలార్ పెట్టిన ట్యూబుల్లో (రిసెప్టర్ మూసుకుపోయి నాన్‌స్పెసిఫిక్ మాత్రమే మిగిలేవి) కౌంట్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి.